ఆటోనగర్ పనితనాన్ని ఐటీఐ సర్టిఫికెట్‌కు లెక్కగట్టండి

రాష్ట్ర ఉపాధి, శిక్షణ శాఖ అధికారులకు, నైపుణ్యాభివృద్ధి సంస్థ బాధ్యులకు, ప్రభుత్వ ఐటీఐల ప్రిన్సిపాళ్లకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

లారీ వెనక హౌసింగ్ (వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె) విప్పి, అందులోని క్రౌను, పినియను పళ్లచక్రాలు మార్చి, సాయంత్రానికి బండిని రోడ్డెక్కించే మేస్త్రీలు విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో వీధివీధినా ఉన్నారు. ఆర్టీసీ గ్యారేజీలో శ్రామిక్ పోస్టు పడినా, రైల్వేలో టెక్నీషియన్ పోస్టు పడినా వాళ్లలో చాలామంది దరఖాస్తు పెట్టలేరు. అక్కడ అడిగేది ఐటీఐ ట్రేడ్ సర్టిఫికెట్టో, అప్రెంటిస్ సర్టిఫికెట్టో. పదిహేనేళ్ల పని అక్కడ ఒక్క మార్కు కూడా చేయదు.

మేం సర్టిఫికెట్లు పంచిపెట్టమని అడగడం లేదు. పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించండి. వచ్చినదాన్ని వచ్చినట్టు రాసుకోండి. రానిది నేర్పి, అందులో మాత్రమే మళ్లీ పరీక్ష పెట్టండి. చివరికి చేతికొచ్చే కాగితం ఐటీఐ పాసైనవాళ్లకు ఇచ్చే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్టే అయ్యేలా చూడండి. ఇందులో కొంత ఢిల్లీ చేతిలో ఉంది, కొంత మీ చేతిలోనే ఉంది. మీ చేతిలో ఉన్నదాని గురించే ఎక్కువగా రాస్తున్నాం.

ఆర్‌పీఎల్ (పాత అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే పద్ధతి) ఉంది కదా అని మీరు అనవచ్చు. ఉంది. 2015లో ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన మొదలైనప్పటి నుంచి పాత అనుభవానికి గుర్తింపు అనే మాట మన దగ్గరా వినిపిస్తోంది. ఆ పథకం రెండో విడత మార్గదర్శకాల్లో అవగాహన తరగతులు కనీసం 12 గంటలు ఉండేవి. అందులో పనికి సంబంధించినవి 6 గంటలు, మాటతీరు, సొంత వ్యాపారం మెలకువలకు 4, పరీక్ష ఎలా ఉంటుందో చెప్పడానికి 2. ఆ తర్వాత పరీక్ష పెట్టి, పాసైనవాళ్లకు సర్టిఫికెట్, 500 రూపాయలు ఇచ్చేవారు. పేరు కూడా లేని పనికి ఒక పేరు పెట్టి కాగితం ఇచ్చినందుకు ఆ పథకానికి విలువ ఉంది. కానీ ఆ కాగితం ఒక జాబ్ రోల్ (ఫలానా ఒక్క పని) దగ్గర ఆగిపోతుంది. దాన్ని పట్టుకుని ఐటీఐకి వెళ్తే మొదటి సంవత్సరం మొదటి రోజు నుంచి ఆకురాయి పట్టమంటారు. లోపలి గది దాకా తీసుకెళ్లని వరండా అది.

చదువునూ నైపుణ్యాన్నీ క్రెడిట్లు అనే ఒకే కొలతలో లెక్కించే నేషనల్ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 2023 ఏప్రిల్‌లో వచ్చి ఈ గోడను కొంత పగలగొట్టింది. 30 గంటల అభ్యసనకు ఒక క్రెడిట్, ఏడాదికి 1200 గంటలు, అంటే 40 క్రెడిట్లు. అనుభవానికి కూడా బరువు ఇచ్చారు, ఏళ్లను బట్టి సంపాదించిన క్రెడిట్లను గరిష్ఠంగా రెండు రెట్ల దాకా లెక్కించవచ్చు. ఇక్కడే ఒక చిక్కు ఉంది. ఈ గుణకం పనిచేయాలంటే ముందు గుణించడానికి కొన్ని క్రెడిట్లు ఉండాలి. కోర్సు చేసినవాడికి అవి ఉంటాయి. షెడ్డులో నేర్చుకున్నవాడి ఖాతాలో ఉన్నది సున్నా, దాన్ని రెండుతో గుణించినా సున్నాయే. కాబట్టి మొదట జరగాల్సింది ఆ మొదటి క్రెడిట్లను అంచనా వేసి ఖాతాలో వేయడం. అది అసెస్‌మెంట్‌తోనే, అంటే పని చేయించి చూసి మార్కులు వేయడంతోనే సాధ్యం.

అసెస్‌మెంట్ ఎలా ఉండాలో చెప్పేముందు ఆటోనగర్ పని ఎలా పంచుకుని ఉంటుందో చెప్పాలి. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ రెండేళ్ల కోర్సు. ఇంజిన్, గేర్‌బాక్సు, బ్రేకులు, స్టీరింగ్, కరెంటు పని అన్నీ అందులో ఉంటాయి. ఆటోనగర్‌లో ఒక్క షెడ్డూ అలా ఉండదు. డీజిల్ పంపు, నాజిల్ పని ఒకచోట, సెల్ఫ్, డైనమో ఇంకోచోట, కమాను కట్టలు మరోచోట, రేడియేటర్ ఒకరిది, లేతు ఒకరిది, బాడీ కట్టేది ఒకరు, టింకరింగ్ ఒకరు, పెయింటింగ్ ఇంకొకరు. గేర్‌బాక్సు మేస్త్రీ కళ్లు మూసుకుని సింక్రో రింగు అరుగుదల చెబుతాడు. పంపు టైమింగ్ మాత్రం ఎన్నడూ ముట్టుకుని ఉండడు, ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. ఐటీఐ పిల్లవాడికి అన్నీ కొంచెం కొంచెం వస్తాయి, మన మేస్త్రీకి ఒకటి పూర్తిగా వస్తుంది. మొత్తం సిలబస్ మీద ఒకే పరీక్ష పెట్టి పాస్, ఫెయిల్ అంటే వీళ్లు ఫెయిలే అవుతారు. అందువల్ల ట్రేడును భాగాలుగా విడగొట్టి, భాగం భాగానికి విడిగా మార్కులు వేసి, పాసైన భాగం పోకుండా దాచి ఉంచడం తప్ప వేరే దారి మాకు కనిపించలేదు.

గంటల లెక్క చూసినా సంగతి తేలుతుంది. ఇప్పటి ఐటీఐ సిలబస్‌లో మొదటి ఏడాది 1200 గంటల్లో చేతిపనికి 840, ట్రేడ్ థియరీకి 240, ఎంప్లాయబిలిటీ స్కిల్స్‌కు 120. రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు పనిచేసేవాడికి 840 గంటలంటే నాలుగు నెలలు. అయితే షెడ్డు గంటను సిలబస్ గంటతో సమానం చేయకూడదు. క్లచ్ ప్లేటు వెయ్యోసారి మార్చినందుకు కొత్త క్రెడిట్ రాదు. పని చేసిన ఏళ్లను కాదు, చేసిన పనుల రకాలను అడగాలి.

ఇక ఆధారాలు. అసలు తగువంతా ఇక్కడే. పని అనుభవం ఉన్నవాళ్లు ఐటీఐలో చదవకుండానే ప్రైవేటు అభ్యర్థులుగా ఆలిండియా ట్రేడ్ టెస్ట్ (ఐటీఐ చివరి పరీక్ష) రాసే దారి నిబంధనల్లో ఉంది. అనుభవాన్ని కాగితంతో రుజువు చేయాలి. పనివాళ్లు పది మంది ఉంటే ఈఎస్ఐ, ఇరవై మంది ఉంటే పీఎఫ్ తప్పనిసరి. మన షెడ్లలో సాధారణంగా నలుగురైదుగురు. కాబట్టి చట్టం ప్రకారమే వాళ్లకు పీఎఫ్ పుస్తకం ఉండదు, జీతం స్లిప్పు ఎవరూ ఇవ్వరు. లేఖ రాసిమ్మని యజమానిని అడిగితే, సర్టిఫికెట్ వస్తే మనిషి వెళ్లిపోతాడనీ, రేపు ఇదే లేఖ పట్టుకుని బకాయిలు అడుగుతారనీ భయం. చిన్నప్పుడే పనిలో చేరినవాళ్ల విషయంలో పాత తేదీలు రాయడానికి ఇంకా భయం. అందుకే మా సూచన: 18 ఏళ్లు నిండాక చేసిన పనినే లెక్కలోకి తీసుకోండి. పసివయసు చాకిరీకి ప్రభుత్వం విలువ కట్టినట్టు ఎలాగూ ఉండకూడదు. ఎప్పుడు చేరాడన్న ప్రశ్న పోతే లేఖలు సులువుగా వస్తాయి.

లేఖ ఒక్కటే ఆధారం కానక్కర్లేదు కూడా. ఏ ఆధారాన్నయినా నాలుగు ప్రశ్నలతో జల్లెడ పట్టొచ్చు. ఇది ఈ ట్రేడు పనేనా? ఇతను చేసిందేనా? ఈమధ్య చేసిందేనా? తేల్చడానికి ఇది చాలా? ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) ఉన్న షెడ్డు లేఖ, లారీ ఓనరు సంతకంతో ఫలానా నంబరు బండికి ఫలానా పని చేశాడన్న కాగితం, స్పేర్ పార్టుల షాపు బిల్లులు, ఫోన్‌పేలో పడిన మజూరీ, పని మధ్యలో తీసిన ఫోటోలు, వీడియోలు. ఈ-శ్రమ్ కార్డు కూడా తోడుగా పెట్టొచ్చు గానీ అందులో వృత్తి ఎవరికివారు చెప్పుకున్నదే, అదొక్కటే సరిపోదు. ఫోటో కూడా ఒంటరిగా నిలబడదు, పక్క షెడ్డులో తీసుకున్నదీ కావచ్చు. ఫోటో చూపించి "ఈ షిమ్ము (సందు సరిచేసే పలచని రేకు) ఎందుకు వేశావు, వేయకపోతే ఏమయ్యేది" అని పది నిమిషాలు మాట్లాడించండి. చేసినవాడు చెబుతాడు, చూసినవాడు తడబడతాడు. గత రెండేళ్లలో చేసిన పదో పన్నెండో పనులు, ఒక్కొక్కదానికి రెండు రకాల ఆధారం ఉంటే పరీక్షకు పిలవడానికి సరిపోతుంది. ఆధారాలు పరీక్షకు పిలుపే గానీ పరీక్షకు బదులు కాదని స్పష్టంగా రాయండి, అప్పుడు దొంగ లేఖలకు గిరాకీ ఉండదు.

పరీక్ష విషయంలో ఒక్క వెల్డింగ్‌నే తీసుకుని వివరంగా చెబుతాం, మిగతావి దాన్ని బట్టి అర్థమవుతాయి. బాడీ కట్టే షెడ్డులో వెల్డరు రోజంతా పలచని చదరపు ట్యూబుల మీద, రేకుల మీద పనిచేస్తాడు. 2.5 మి.మీ. రాడ్డు, తక్కువ ఆంపియర్లు, చిల్లు పడకుండా ముక్కముక్కగా టాకాలు. పరీక్షలో ఇచ్చేది 10 మి.మీ. ప్లేటు, వీ ఆకారంలో చెక్కిన జాయింటు, 3.15 రాడ్డు. మనవాడు అలవాటు ప్రకారం కరెంటు తక్కువ పెడతాడు, అడుగు దాకా కరగదు. రెండు ప్లేట్ల మధ్య 2 నుంచి 3 మి.మీ. సందు వదలాలని తెలియక కలిపి పెట్టేస్తాడు. మొదటి వరస మీద స్లాగు పూర్తిగా కొట్టకుండా రెండో వరస వేస్తాడు, స్లాగు లోపలే చిక్కుకుంటుంది. పైకి చూస్తే పూస అందంగా ఉంటుంది, జాయింటులోంచి ఒక పట్టీ కోసి వంచితే అడుగున పగులుతుంది. ఇతనికి వెల్డింగ్ రాదా? వచ్చు. రానిది ఒక్క గాడి జాయింటు. రోజుకు రెండు గంటల చొప్పున పదిహేను రోజులు గాడి చెక్కడం, సందు పెట్టడం, 100 నుంచి 130 ఆంపియర్ల మధ్య కరెంటు కట్టడం సాధన చేయిస్తే పట్టీ విరగకుండా వంగుతుంది. ఆ పదిహేను రోజులు ఇవ్వకుండా ఫెయిల్ అని రాసి పంపడం మాకు అన్యాయంగా కనిపిస్తుంది. అదే సమయంలో, పూస బాగుందని చూసి పాస్ చేయడం అంతకంటే ప్రమాదం. ఆ జాయింటు మీద మనుషులు కూర్చుంటారు.

ఒక్కొక్క అభ్యర్థికి 150 మి.మీ. పొడవున్న 10 మి.మీ. ప్లేటు ముక్కలు నాలుగు, 3.15 రాడ్లు ఇరవై పెట్టుకుంటే రెండు జాయింట్లకు సరిపోతాయి. ఒకటి పడుకోబెట్టి, ఒకటి నిలబెట్టి. వంచాక 3 మి.మీ. కంటే పెద్ద పగులు కనిపించకూడదు. రాడ్లు చెమ్మగా ఉంటే పూసలో సన్న చిల్లులు పడతాయి, ఆ తప్పు అభ్యర్థిది కాదు. అందుకే సీలు విప్పని ప్యాకెట్టు అందరి ముందు విప్పాలి. భద్రతకు వేరే మార్కులు ఉండాలి. డీజిల్ ట్యాంకు పక్కన నిప్పు పెట్టేముందు ఏం చేస్తాడు, జింకు పూత రేకు మీద వచ్చే తెల్ల పొగ పీల్చకుండా ఎలా నిలబడతాడు, ఎర్తు క్లాంపు ఎక్కడ పెడతాడు. ఈ చివరిది ఈ రోజుల్లో పెద్ద సంగతి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే కంప్యూటర్) ఉన్న బండి మీద బ్యాటరీ, ఈసీయూ కనెక్టర్లు తీయకుండా, ఎర్తు దూరంగా బిగించి వెల్డింగ్ చేస్తే ఆ కరెంటు బేరింగుల్లోంచీ ఈసీయూలోంచీ పోయి వేల రూపాయల నష్టం చేస్తుంది.

మెకానిక్ పనుల్లో తేడా మరో రకంగా వస్తుంది. హౌసింగ్ మేస్త్రీ క్రౌను చేత్తో ఊపి పళ్ల మధ్య వదులు ఎంత ఉందో చెప్పగలడు, చాలాసార్లు సరిగ్గానే చెబుతాడు. ఆ వదులు కొలిచే డయల్ గేజ్ ఇచ్చి మి.మీ.లో రాయమంటే చేయి ఆగిపోతుంది. మా సలహా, ముందు చేత్తో చూసి చెప్పనివ్వండి, ఆ తర్వాత గేజ్ బిగించనివ్వండి. పళ్లకు నీలం పూసి తిప్పి అచ్చు ఎక్కడ పడిందో చూపించమనండి. అచ్చు పంటి మొన మీద పడితే షిమ్ము ఏవైపు మార్చాలో ఠక్కున చెప్పేవాడికి గేజ్ చదవడం నేర్పడానికి రెండు రోజులు చాలు. గేజ్ చదవడం వచ్చి షిమ్ము సంగతి తెలియనివాడికి నేర్పడానికి ఏళ్లు పడుతుంది. మార్కుల పట్టీ ఈ రెండింటికీ సమానంగా ఉండకూడదు.

2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్ల దగ్గర మాత్రం మన మేస్త్రీలలో చాలామందికి నిజంగానే ఖాళీ ఉంది, దాన్ని దాచిపెట్టి లాభం లేదు. స్కానర్‌లో లోపం కోడ్ చదవడం, పొగను శుభ్రం చేసే ఆడ్‌బ్లూ ద్రవంలో 32.5 శాతం యూరియా కలిపిన శుద్ధమైన నీరు తప్ప వేరేది పడితే ఏమవుతుందో తెలియడం, బండిలోని కంప్యూటర్లను కలిపే క్యాన్ వైర్ల మధ్య బ్యాటరీ తీసి మల్టీమీటర్ పెడితే 60 ఓములు రావాలనీ, 120 వస్తే ఒకవైపు తెగినట్టనీ గుర్తుపట్టడం. ఈ భాగంలో అనుభవం మీద మినహాయింపు వద్దు. అందరికీ తరగతి పెట్టండి.

ఆ తరగతులు ఎక్కడ అనేది పెద్ద సమస్య కాదు. సగం శిక్షణ ఆటోనగర్‌లోనే ఉంది. గేర్‌బాక్సు మనిషి పంపు షెడ్డులో పదిహేను రోజులు, పంపు మనిషి బ్రేకు షెడ్డులో పదిహేను రోజులు. ఏ భాగంలో ఏయే పనులు చేయాలో ఒక పుస్తకం, ప్రతి పనికీ అక్కడి మేస్త్రీ సంతకం. కొలతలు, డ్రాయింగు, థియరీ, స్కానర్ ఇవి ప్రభుత్వ ఐటీఐ వర్క్‌షాపులో సాయంత్రం ఆరు తర్వాత పెట్టండి. పగలు పిలిస్తే ఆ రోజు కూలి పోతుంది, రెండోరోజు నుంచి రారు. పాఠం తెలుగులో ఉండాలి. టార్క్, క్లియరెన్స్ లాంటి మాటలు వాళ్లకు వచ్చు, వాటిని గ్రాంథికంలోకి మార్చి కొత్త కష్టం పెట్టొద్దు. చదవడం నెమ్మదైనవాళ్లకు శిక్షణ మధ్యలో పెట్టే పరీక్షలు నోటితో తీసుకోండి. చివరి ట్రేడ్ టెస్ట్ రాతలో మాత్రం అందరితో సమానంగా రాయాల్సిందే, అందుకు సాధన కావాలి. ప్రాక్టికల్‌లో పాసవడానికి కావాల్సిన 60 శాతం తెచ్చుకోగల మనిషి థియరీలో కావాల్సిన 33 శాతం రాక ఆగిపోకూడదు.

అసెసర్ల సంగతి కచ్చితంగా తేల్చుకోవాలి. అభ్యర్థి సొంత మేస్త్రీ అతని పరీక్షకు కూర్చోకూడదు, శిక్షణ ఇచ్చిన సంస్థ మనిషి అసలే కూర్చోకూడదు. ఒక ఐటీఐ బోధకుడు, వేరే షెడ్డు నుంచి ఒక మేస్త్రీ కలిసి మార్కులు వేస్తే ఒకరికి కనిపించనిది ఇంకొకరికి కనిపిస్తుంది. హౌసింగ్ లాంటి పనిని ఒక అసెసర్ రోజుకు నలుగురికి మించి శ్రద్ధగా చూడలేడు. రోజుకు ముప్పైమందిని చూశామని రికార్డు వస్తే అది పరీక్ష కాదు, హాజరు పట్టీ. ఫెయిలైన భాగానికి కారణం ఒక్క వాక్యంలో తెలుగులో రాసి చేతికివ్వాలి. "నాట్ కాంపిటెంట్" అన్న ముద్ర చూసి ఏం నేర్చుకోవాలో ఎవరికీ తెలియదు.

అర్హత చదువు మీరు మార్చలేరని మాకు తెలుసు. మోటార్ మెకానిక్‌కు పదో తరగతి, వెల్డర్‌కు, వైర్‌మన్‌కు ఎనిమిది. కానీ పది లేనివాళ్లను ఓపెన్ స్కూల్‌లో చేర్పించే పని అదే బల్ల దగ్గర, అదే రోజు జరగొచ్చు. ఒక్క కిటికీ దగ్గర రెండు దరఖాస్తులు. అలాగే పేర్లు. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, స్కూలు టీసీలో ఒక్క అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర్న. పోర్టల్ మూడింటినీ ముగ్గురు మనుషులుగా చూసి దరఖాస్తు తిప్పికొడుతుంది. నమోదు శిబిరంలోనే ఆధార్ సరిదిద్దే మనిషిని కూర్చోబెట్టండి. పరీక్ష అయ్యాక బయటపడితే సర్టిఫికెట్ నెలల తరబడి ఆగుతుంది.

గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీల్లో అమ్మోనియా కంప్రెసర్లు నడిపేవాళ్ల పరిస్థితీ ఇదే. ఆయిల్ ఎప్పుడు వదలాలో, గాలి చేరితే ఎలా బయటికి పంపాలో, వాల్వు గ్లాండు కారితే ముందు ఏం మూయాలో చేత్తో నేర్చుకున్నవాళ్లు వాళ్లు. ఆటోనగర్‌లో పద్ధతి కుదిరాక అక్కడికి తీసుకెళ్లండి. గ్యాసు లీకు మీద తర్ఫీదు మాత్రం అప్పటిదాకా ఆపొద్దు.

మొదటి బ్యాచ్ వెల్డర్ ట్రేడుతో మొదలుపెట్టమని మా విన్నపం. ఎనిమిదో తరగతి చాలు, కోర్సు ఏడాదే, పరీక్ష ఫలితం వంచిన పట్టీలో అందరి కళ్లకూ కనిపిస్తుంది. ఇరవై మంది చాలు. వాళ్లకు ఏ భాగాలు ముందే వచ్చో, ఏవి నేర్పాల్సి వచ్చిందో, ఎన్ని గంటలు పట్టిందో రాసిపెట్టి ఆ లెక్కతో ఢిల్లీలోని శిక్షణ డైరెక్టరేట్ జనరల్‌ను అడగండి: ఈ క్రెడిట్లను ట్రేడ్ సర్టిఫికెట్‌కు కలపండి అని. ప్లేట్లు, రాడ్లు, రెండు షెడ్లు, సాయంత్రాలు మార్కులు వేయడానికి మేస్త్రీలు మా వైపు నుంచి సిద్ధం. ఐటీఐ వర్క్‌షాపు తాళం, ఒక బోధకుడు, ఒక ఉత్తర్వు మీ వైపు నుంచి కావాలి.

ఇట్లు,
విజయవాడ ఆటోనగర్ షెడ్ల నిర్వాహకులు, మేస్త్రీలు, ఐటీఐ బోధకులు కొందరు